మిషను అదే, కేసు మారింది

మా బావ పళ్ళు తయారుచేస్తాడు. ఊడిపోయిన పళ్ళ చోట పెట్టుకునే సెట్లు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి బావ తన గదిలో కూర్చుని చిగుళ్ళకి సరిపడేలా పళ్ళ వరస కడతాడు. అందుకే ఆయన్ని అందరూ పళ్ళ మేస్త్రి అంటారు. అక్క మాత్రం "ఇదిగో, మిమ్మల్నే" అంటుంది. నేను మరదల్ని కాబట్టి నాకే అడ్డూ లేదు, నోటికొచ్చింది అంటాను. ఆయన నవ్వుతాడు. బావకి కోపం రాదు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఎంత తిట్టినా తిట్టినట్టుండదు.

ఆయనకి ఒక పిచ్చి ఉంది. గొలుసు కట్టి జేబులో వేసుకునే పాతకాలపు గడియారాలంటే ప్రాణం. పోనీ నిక్షేపంలాంటి గడియారాలు కొనుక్కుని అద్దాల బీరువాలో పెట్టుకుంటాడా అంటే అదీ లేదు. కేసు లేనివాటినే ఏరి తెచ్చుకుంటాడు.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఆ రోజుల్లో గడియారం కొనడమంటే రెండు వస్తువులు కొనడం. లోపల చక్రాలూ స్ప్రింగూ ఉండే దిమ్మ ఒకటి, దాన్ని మిషను అంటారు. దాన్ని దాచే డబ్బా ఇంకొకటి, అది కేసు. మిషన్లు ఒకచోట తయారయ్యేవి, కేసులు మరోచోట. కొనేవాళ్ళు కొట్లో కూర్చుని తమ స్తోమతుని బట్టి ఇదొకటీ అదొకటీ ఏరుకుంటే, కొట్టతను రెండిటినీ కలిపి బిగించి ఇచ్చేవాడు. కాలం మారింది. తాతలు పోయారు, మనవలకి వెండి మీద కన్ను పడింది. కేసులు కరిగించేశారు. మిషన్లు ఒంటి మీద బట్ట లేకుండా మిగిలిపోయాయి. వాటికి ఈడూ జోడూ చూసి ఇల్లు కట్టించే పని మా బావ నెత్తిన వేసుకున్నాడు.

మొదట్లో ఏమీ తెలిసేది కాదు. మూత ఉన్న కేసుకి చేసిన మిషను వేరు, మూత లేని కేసుకి చేసినది వేరు. ఒకదాంట్లో పెట్టాల్సింది ఇంకోదాంట్లో పెడితే, కీ ఇచ్చే బొడిపె పైకి ఉంటుంది గానీ పన్నెండు అంకె వెళ్ళి పక్కన కూర్చుంటుంది. బావ బిగించిన మొట్టమొదటి గడియారం అలాంటిదే. ఎంతో ముచ్చటపడి అక్క చేతికిచ్చాడు. పాపం అక్క చాలా రోజులు మెడ వంచి టైము చూసింది. మెడ పట్టేసిందని అమృతాంజనం రాయించుకుంది కూడా. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక చెప్పలేదట. నేనైతే ఆ రోజే విసిరి కొట్టేదాన్ని.

తర్వాత బావ చెయ్యి తిరిగింది. పళ్ళ పనిలో నీలం కాగితం ఒకటుంటుంది. సెట్టు పెట్టాక పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య అది పెట్టి కొరకమంటారు. ఎక్కడ ఎక్కువ ఒత్తుకుంటోందో అక్కడ నీలం అంటుకుంటుంది, అంతవరకే అరగదీస్తారు. బావ అదే కాగితాన్ని మిషనుకీ కేసుకీ మధ్య పెడతాడు. నీలం అంటినచోట మిషను జోలికి మాత్రం పోకుండా, కేసు అంచుని వెంట్రుకవాసి సర్దుతాడు. మిషను లోపలికి దిగేటప్పుడు చిన్న చప్పుడు వస్తుంది. అప్పుడాయన మొహం చూడాలి!

ఈ పిచ్చిలో ఆయనకి తోడు ఒకాయన ఉన్నాడు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన చేతికి ఏ కేసు దొరికినా మోటారుకి గుడ్డ చక్రం బిగించి, మొహం కనిపించేదాకా మెరుగు పెడతాడు. అందుకని నేను ఆయనకి తళతళ మాస్టారని పేరు పెట్టాను. వీళ్ళిద్దరికీ ఒక నియమం ఉంది, అది పెట్టింది బావే. ఒక కేసులో నడుస్తున్న మిషనుని, వేరే మిషను కోసం ఎప్పుడూ బయటికి తియ్యకూడదు. "ఒకళ్ళని ఖాళీ చేయించి ఇంకొకళ్ళని దింపడం మన పని కాదు," అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మా వీధి చివర పెద్ద నర్సమ్మ ఉంటుంది. ఆసుపత్రిలో కాన్పుల వార్డులో పనిచేసి రిటైరైంది. వాళ్ళ పాపకి గౌన్లు నేనే కుడతాను. పాపంటే ఆవిడ మనవరాలు, కూతురి కూతురు. ఒకరోజు గౌను కొలతకి వచ్చినప్పుడు గుడ్డలో చుట్టిన జేబు గడియారం తీసింది.

"మా నాన్నగారిది. ఎప్పుడో ఆగిపోయింది. మీ బావగారు బాగుచేస్తారా?"

"భేషుగ్గా చేస్తాడు. ఇవ్వకపోతే ఏడుస్తాడు," అన్నాను.

"కొంచెం తొందరగా ఇప్పించండి. పాపకి ఆరో నెల వెళ్ళింది."

పాపకి ఆరో నెల వెళితే గడియారానికి తొందరెందుకో నేను అడగలేదు. పాపకి కానుకగా ఇస్తుందేమో అనుకున్నాను. బావకీ అదే చెప్పాను. ఆయన దాన్ని పట్టుకుని అల్లుకుపోయాడు.

వెనక మూత తెరిచి, కంటికి భూతద్దం పెట్టుకుని, బావ కాసేపు ఊపిరి తీసుకోలేదు. "అమ్మడూ, ఇలా రా," అని పిలిచాడు. పలకల మీద అలలు అలలుగా చెక్కడం, చిన్న చిన్న ఎర్ర రాళ్ళు, మెరిసే చక్రాలు. నిజంగానే బాగుంది, నేను కాదనను.

"ఇంత మిషనుని ఎందులో పెట్టారో చూశావా?" అన్నాడు పెదవి విరుస్తూ.

పల్చటి వెండి కేసు. నగిషీ లేదు, పువ్వు లేదు. మూత అంచంతా సొట్టలు. బావ ఒక సొరుగు తెరిచి, మెత్తటి గుడ్డలోంచి ఇంకో కేసు తీశాడు. మందమైన వెండి, చుట్టూ తీగెలు, మధ్యలో బంగారు పూత పెట్టిన పువ్వు. అది ఆయన సొరుగులో ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. దానికి తగిన మిషను దొరకలేదని ఎన్నింటినో తిప్పి పంపేశాడు. ఆ కొలతా ఆ కాలమూ ఈ మిషనుకి అచ్చంగా సరిపోయాయి.

"ఆవిడ మనవరాలికి ఇస్తున్న కానుక కదా. చెప్పకుండా ఇందులో పెట్టి ఇద్దాం. డబ్బులేమీ వద్దు, నా తరఫున," అన్నాడు.

"మరి మీ నియమం?" అంది అక్క గుమ్మంలోంచి.

"నేనెవర్నీ ఖాళీ చేయించడం లేదే. మంచి ఇంట్లోకి మారుస్తున్నాను."

నాకూ బాగానే తోచింది, నోరు మూసుకున్నాను. బావ మిషను విప్పి, కడిగి, నూనె వేసి నడిపించాడు. కొత్త కేసులో దింపాడు. నీలం కాగితం పెట్టి చూస్తే చుక్క కూడా అంటలేదు. ఆ వారమంతా బావ కూనిరాగాలు తీశాడు. సొట్టల కేసుని మాత్రం తళతళ మాస్టారికి ఇచ్చేశాడు. ఆయన దగ్గర అదే కొలత మిషను కేసు లేక పడి ఉంది మరి.

నర్సమ్మ వచ్చింది. బావ గడియారాన్ని రెండు చేతులతో అందించాడు. ఆవిడ నవ్వుతూ తీసుకుని, వెనక్కి తిప్పి, బొటనవేలితో అంచు తడిమింది. నవ్వు ఆగిపోయింది. ఇంకోసారి చుట్టూ తడిమింది.

"నా గడియారమేది?" అంది.

"ఇదేనమ్మా. మిషను అదే, కేసు మార్చాను. మీ మిషను స్థాయికి ఆ సొట్టల కేసు..."

"అవి సొట్టలు కావండీ, పంటిగాట్లు."

ఆవిడే చెప్పింది. ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడు, పళ్ళొచ్చే రోజుల్లో ఒకటే ఏడుపట. నాన్న జేబులోంచి ఆ గడియారం లాగి కొరికితే గానీ ఊరుకునేది కాదట. చల్లటి వెండి చిగుళ్ళకి హాయిగా ఉండేదేమో. తర్వాత ఆవిడ కూతురూ దాన్నే కొరికింది. ఇప్పుడు పాపకి చొంగ మొదలైంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. మొదటి పన్ను వచ్చేలోగా గడియారం ఇంట్లో ఉండాలని ఆవిడ కోరిక. తొందర అందుకు.

"ఇది చాలా బాగుంది. నాది కాదు," అని గడియారాన్ని బల్ల మీద పెట్టి, నెమ్మదిగా బావ వైపు జరిపింది. అరిచినా బాగుండేది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి నేను మొదలుపెట్టాను. "జన్మంతా పళ్ళతోనే బతికావు కదా బావా! పంటిగాటుకీ సొట్టకీ తేడా తెలియలేదా? కళ్ళు నెత్తికెక్కాయా? నమ్మి తీసుకొచ్చినందుకు నా మొహాన ఉమ్మేసినట్టుంది. ఇక ఆ వీధిలో తలెత్తుకుని ఎలా తిరగను?"

బావ నవ్వలేదు. "నేను కేసుని చూడలేదు అమ్మడూ. తీసెయ్యాలని ముందే అనుకున్నాను, ఇంక చూడలేదు," అన్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "మాస్టారు మెరుగు పెట్టేస్తాడు!"

బావ స్కూటరు అంత జోరుగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. వెనక కూర్చుని, పువ్వుల కేసులోని గడియారాన్ని సంచిలో పెట్టి పొట్టకి అదుముకున్నాను. సందు మలుపులో ఒక కూరగాయల బండివాడు మా ఇద్దరి వంశాలనీ తిట్టిపోశాడు. ఆగి పోట్లాడే తీరిక లేకపోయింది.

మాస్టారు వరండాలోనే ఎదురయ్యాడు. మేం నోరు తెరవకముందే జేబులోంచి గడియారం తీసి బావ చెవికి ఆనించాడు. "విను, విను! నాన్న పోయినప్పటి నుంచీ కేసు లేక కాగితంలో చుట్టి పెట్టిన మిషను. నిన్న సాయంత్రం నుంచి క్షణం తేడా లేకుండా నడుస్తోంది. నీ రుణం తీర్చుకోలేనయ్యా."

బావ దాన్ని అందుకుని వెనక్కి తిప్పాడు. సగం అంచు అద్దంలా మెరిసిపోతోంది. మిగతా సగం మసకమసకగా, గాట్లతో అలాగే ఉంది.

"సగమే అయింది. ఈవిడ మోటారు దాచేసింది," అన్నాడు మాస్టారు లోపలికి చూస్తూ.

"దాచనా మరి?" అని వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "ఆరేసిన దుప్పట్ల నిండా నల్లటి దుమ్ము! మళ్ళీ ఉతకాల్సింది నేను కదా!"

ఆవిడ చేతులు కళ్ళకద్దుకోవాలనిపించింది నాకు.

బావ జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, తప్పు ఎవరి మీదకీ నెట్టలేదు. చివర్న, "మాస్టారూ, మీ మిషను బయటికి తియ్యాలి," అన్నాడు.

మాస్టారి మొహం మాడిపోయింది. "నడుస్తున్నదాన్నా? ఆ నియమం పెట్టింది ఎవరయ్యా?"

"నేనే."

"మరి దీన్నెక్కడ పెట్టను? మళ్ళీ కాగితంలోనా?"

బావ నా సంచిలోంచి పువ్వుల గడియారం తీసుకున్నాడు. వెనక మూత తెరిచి ఒకసారి చూసుకున్నాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. జీవితంలో ఆయన కుదిర్చిన జోడీల్లో అంత చక్కటిది లేదు, ఇంక దొరకదు కూడా. "ఇందులో పెట్టుకోండి. కొలత సరిపోతుంది," అన్నాడు.

ఆ కేసు కోసం మాస్టారు ఎన్నిసార్లు అడిగాడో, బావ ఎన్నిసార్లు మాట మార్చాడో నాకు తెలుసు. మాస్టారు వెంటనే చెయ్యి చాపలేదు. భూతద్దం పెట్టుకుని సొట్టల కేసుని వెలుతుర్లోకి తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. మొహం చిన్నబోయింది. "పిల్ల పళ్ళేనయ్యా. నేను గుడ్డిగా అరగదీసేశాను," అన్నాడు. ఇద్దరూ అక్కడే కూర్చుని రెండు మిషన్లూ విప్పారు. మాస్టారి మిషను ఎంతోసేపు బయట ఉండలేదు. పువ్వుల కేసులో దాన్ని బిగించింది బావే.

ఇంటికొచ్చాక బావ నర్సమ్మ మిషనుని దాని పాత కేసులో దింపాడు. భూతద్దంలోంచి నాకూ అక్కకీ గాట్లు చూపించాడు. "ఇవి కింది ముందు పళ్ళు రెండు. ఇది పై పన్ను, కొంచెం వంకర. ఇక్కడ గట్టిగా కొరికింది." మెరుగు పెట్టిన సగంలో మాత్రం ఏమీ లేదు, నున్నగా ఉంది.

అప్పుడు నాకో పాడు ఆలోచన వచ్చింది. "బావా, నీ దగ్గర డబ్బాల కొద్దీ పళ్ళున్నాయి కదా. చిన్నవి చూసి ఈ పక్కన కూడా నాలుగు గాట్లు పెట్టెయ్యి. ఆవిడకేం తెలుస్తుంది?"

అక్క నా వైపు చూసింది గానీ కాదనలేదు. బావ సొరుగులోంచి ఒక చిన్న పన్ను తీశాడు. నున్నటి అంచు మీద ఆనించి పట్టుకున్నాడు. ఆయన తలుచుకుంటే దేవుడు కూడా తేడా కనిపెట్టలేడు. కాసేపటికి దాన్ని డబ్బాలో వేసేశాడు.

"కట్టుడు పళ్ళు ఎలాగూ చేస్తున్నాను. కట్టుడు గాట్లు కూడా ఎందుకులే," అన్నాడు.

మర్నాడు నర్సమ్మ ఇంటికి ముగ్గురం వెళ్ళాం. ముందు గది కిటికీ దగ్గర ఆవిడ కూతురు పాపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బావ గడియారం ఇస్తూనే, "సగం గాట్లు పోయాయమ్మా. నా వల్లే పోయాయి," అనేశాడు. నేనైతే నీళ్ళు నమిలేదాన్ని.

ఆవిడ బొటనవేలు అంచు మీద నెమ్మదిగా నడిచింది. గాట్లున్నచోట ఆగింది. నున్నటిచోట ఆగింది.

"ఇవి మా అమ్మాయివి, ఉన్నాయి," అంది. "నావే పోయాయి."

బావ తల దించుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "బాధగానే ఉందండీ, లేదని అబద్ధం చెప్పను. మా నాన్న ఉంటే మిమ్మల్ని చెడామడా తిట్టేవాడు." గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

కూతురు వింతగా చూసింది. "అమ్మా, అది చప్పుడు చేస్తుందా?"

"నువ్వు పుట్టకముందే ఆగిపోయిందే. నువ్వెప్పుడూ వినలేదు," అని కూతురి చెవికి ఆనించింది. కూతురి మొహం విప్పారింది. తర్వాత పాప చెవికి పెట్టారు. పాప కళ్ళు పెద్దవి చేసి, కాళ్ళాడించడం మానేసి వింది. విన్నంతసేపు విని, రెండు చేతులతో లాక్కుని నోట్లో పెట్టేసుకుంది.

నూనె వేసిన మిషనులోకి చొంగ కారితే ఏమవుతుందో బావకి మా అందరికన్నా బాగా తెలుసు. ఆయన చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది. లాక్కుంటాడేమో అనుకున్నాను. లాక్కోలేదు. మూత తెరుచుకోకుండా వేలు అడ్డంపెట్టి, పాప కొరకడానికి వీలుగా పట్టుకున్నాడు. పాప గడియారంతోపాటు ఆయన వేలు కూడా కొరికింది. బావ ఉలిక్కిపడ్డాడు.

"వచ్చింది," అన్నాడు.

"ఏంటి?" అంది అక్క.

"పన్ను. కింద, ఎడమ పక్కది. వేలికి తగిలింది!"

పాప తల్లి నమ్మలేదు. నర్సమ్మ చెయ్యి కడుక్కొచ్చి, పాప నోట్లో వేలు పెట్టి చూసి, తల ఊపింది. ఒకేసారి అందరం మాట్లాడటం మొదలుపెట్టాం. బావ మాత్రం తన వేలిని చూసుకుంటూ నిలబడ్డాడు. "ఇన్నేళ్ళూ ఊడిపోయినవాటి చోట పెట్టడమే గానీ, వస్తున్న పన్ను తగలడం ఇదే మొదటిసారి," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. మా బావంటే నాకు ఎంత ఇష్టమో ఆ రోజే తెలిసింది.

కాసేపటికి పాప పట్టు వదిలింది. బావ చొంగ తుడిచి, భూతద్దం పెట్టుకుని, నున్నటి అంచుని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకా ఏమీ పడలేదమ్మా," అన్నాడు దిగులుగా.

"పడతాయిలెండి. పన్ను ఇవాళే కదా వచ్చింది," అని నర్సమ్మ గడియారాన్ని మళ్ళీ పాప చేతికిచ్చింది.